తొంభై ఆరు రోజుల లెక్క: వేములవాడ మాజీ శాసనసభ్యుడి పౌరసత్వంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వేములవాడ మాజీ శాసనసభ్యుడు చెన్నమనేని రమేశ్ భారత పౌరుడు కారని కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వును 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు సమర్థించింది. ఆయన వేసిన రిట్ పిటిషన్‌ను కొట్టివేస్తూ 30 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది. ఆ తీర్పు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రమేశ్ గారి రాజకీయ నేపథ్యం ఏమిటి? విదేశంలో స్థిరపడిన వ్యక్తి ఒకే నియోజకవర్గం నుంచి నాలుగుసార్లు ఎలా గెలవగలిగారు? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉమ్మడి కరీంనగర్ జిల్లా రాజకీయాలు తెలిసినవారికి చెన్నమనేని కుటుంబాన్ని పరిచయం చేయనక్కర లేదు. రమేశ్ తండ్రి రాజేశ్వరరావు కమ్యూనిస్టు నాయకుడిగా సిరిసిల్ల నుంచి పలుమార్లు శాసనసభకు వెళ్లి, చివరి దశలో తెలుగుదేశంలో చేరారు. బాబాయి విద్యాసాగర్ రావు భారతీయ జనతా పార్టీ తరఫున కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచి, కేంద్రంలో సహాయ మంత్రిగా, ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేశారు. మరో బాబాయి హనుమంతరావు దేశం గుర్తించిన ఆర్థికవేత్త. ఒకే ఇంట్లో ఎర్రజెండా, కాషాయ జెండా రెండూ ఉన్న కుటుంబం కనుక ఆ పేరుకు పల్లెల్లో ఒక పార్టీకి పరిమితం కాని గుర్తింపు ఉండేది.

రమేశ్ మాత్రం చాలా ఏళ్లు ఈ రాజకీయాలకు దూరంగా ఉన్నారు. 1990లో జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో పరిశోధన, బోధన రంగాల్లో పనిచేశారు. 1993లో జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు. నియోజకవర్గాల పునర్విభజనతో వేములవాడ కొత్తగా ఏర్పడినప్పుడు, 2009 ఎన్నికల్లో తెలుగుదేశం అభ్యర్థిగా అక్కడి నుంచి తొలిసారి గెలిచారు. ఏడాది తిరగకముందే తెలంగాణ ఉద్యమం ఉధృతమైంది. 2010 ఫిబ్రవరిలో రాజీనామాలు చేసిన పన్నెండు మంది శాసనసభ్యులలో తెలుగుదేశం నుంచి వచ్చినది ఆయన ఒక్కరే. అదే ఏడాది జులైలో జరిగిన ఉపఎన్నికలో తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థిగా ఘన విజయం సాధించి, 2014లోనూ 2018లోనూ అదే పార్టీ నుంచి మళ్లీ గెలిచారు.

ఈ విజయాలలో కుటుంబం పేరుకు ఎంత వాటా ఉందో ఉద్యమానికీ అంత వాటా ఉంది. పదవి చేపట్టిన ఏడాదిలోపే దాన్ని వదులుకోవడానికి సిద్ధపడిన వ్యక్తిగా ఆయనను ఓటర్లు ఆదరించారు, ఆ ఆదరణ నిజమైనది. పౌరసత్వ వివాదం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు. అయితే ఓటర్ల ఆదరణ వేరు, పోటీ చేయడానికి చట్టం నిర్దేశించిన అర్హత వేరు. మొదటిది ఎంత ఉన్నా రెండోదాని లోటును అది పూడ్చలేదు.

ప్రశ్న: ఈ నేలమీద పుట్టి పెరిగిన మనిషికి మళ్లీ పౌరసత్వం కోసం దరఖాస్తు చేసుకోవలసిన అవసరం ఏమిటి? ఆయన చేసిన తప్పు ఏమిటని ప్రభుత్వం అంటోంది? (సిరిసిల్ల నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మన రాజ్యాంగం, 1955 నాటి పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరుడు తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే ఇక్కడి పౌరసత్వం దానంతట అదే రద్దవుతుంది. దానికి వేరే ఉత్తర్వు అక్కర లేదు. అందువల్ల 1993 తర్వాత రమేశ్ చట్టం దృష్టిలో విదేశీయుడే.

అలా పోగొట్టుకున్నవారు తిరిగి రావడానికి చట్టం తలుపు మూయలేదు. గతంలో స్వతంత్ర భారత పౌరులుగా ఉన్నవారు 5వ సెక్షన్ కింద నమోదు ద్వారా పౌరసత్వం పొందవచ్చు, కానీ దరఖాస్తు చేసే తేదీకి ముందు ఒక సంవత్సరం పాటు భారతదేశంలో నివసించి ఉండాలి. రమేశ్ 2008 మార్చి 31న ఈ నిబంధన కిందనే దరఖాస్తు చేశారు. 2009 ఫిబ్రవరి 3న పౌరసత్వం మంజూరైంది. అదే ఏడాది ఏప్రిల్ 16న తెలంగాణలో పోలింగ్ జరిగింది. అంటే పౌరసత్వం చేతికి రావడానికీ, ఆయన పేరు ఓటింగ్ యంత్రం మీద కనిపించడానికీ మధ్య రెండున్నర నెలల వ్యవధి కూడా లేదు.

వివాదమంతా ఆ ఒక సంవత్సరం చుట్టూనే నడిచింది. దరఖాస్తులో నివాసానికి సంబంధించి ఇచ్చిన సమాచారం వాస్తవం కాదని ఫిర్యాదు వచ్చినప్పుడు, పౌరసత్వ చట్టం 10వ సెక్షన్ కింద విచారణ కమిటీ ఏర్పాటైంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లో ఆయన దేశంలో ఉన్నది 96 రోజులు మాత్రమేనని ఆ విచారణలో తేలింది. 365 రోజులు ఉండవలసిన చోట 96 రోజులు అంటే మూడోవంతు కూడా కాదు. ఒకటి రెండు వారాలు తగ్గితే పొరపాటుగా లెక్కవేశారని అనుకోవచ్చు. తొమ్మిది నెలల దాకా దేశం వెలుపల గడిపిన మనిషి ఆ సంగతి మరచిపోయి దరఖాస్తు నింపారని నమ్మడం కష్టం.

చట్టం తర్వాతి కాలంలో కొంత మారిన మాట కూడా చెప్పాలి. 2015 సవరణ ఈ పన్నెండు నెలల నియమానికి సడలింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి కల్పించింది, అయితే ఆ సడలింపు గరిష్ఠంగా 30 రోజులకు మాత్రమే. నేటి చట్టం ప్రకారం చూసినా 96 రోజుల నివాసం సరిపోయేది కాదు.

ప్రశ్న: ఫిర్యాదు 2009లో చేస్తే తుది మాట 2024లో వచ్చింది. ఇంతలో ఆయన నాలుగుసార్లు ఎన్నికై పదవీకాలాలు పూర్తి చేసుకున్నారు. ఇది ఎలా సాధ్యమైంది? (వరంగల్ నుంచి ఒక న్యాయవాద విద్యార్థి)

జవాబు: ఈ వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించే అంశం ఇదే కనుక కొంత విపులంగా చెప్పవలసి ఉంది.

ఒక శాసనసభ్యుడి పౌరసత్వాన్ని ప్రశ్నించడానికి మన వ్యవస్థలో రెండు దారులున్నాయి. ఓడిన అభ్యర్థి గాని ఓటరు గాని ఫలితం వెలువడిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయడం ఒకటి. పౌరసత్వాన్నే రద్దు చేయమని కేంద్ర హోం శాఖను కోరడం రెండోది. మొదటి దారిలో ఒక చిక్కు ఉంది. రాజీవ్ గాంధీ ఎన్నికను సవాలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1986లోనే, ఒక వ్యక్తి విదేశీ పౌరసత్వం తీసుకుని భారత పౌరసత్వం కోల్పోయాడా లేదా అనే ప్రశ్నను తేల్చవలసింది కేంద్ర ప్రభుత్వమే తప్ప ఎన్నికల వ్యాజ్యం వింటున్న కోర్టు కాదని చెప్పింది. ఈ కేసులో ప్రశ్న సరిగ్గా అదే కాకపోయినా, పౌరసత్వాన్ని ఇచ్చినవారే దాన్ని తీసివేయాలన్న భావన మొత్తం వ్యవహారాన్ని ఢిల్లీ వైపు నెట్టింది.

వేములవాడలో రమేశ్ చేతిలో ఓడిన ఆది శ్రీనివాస్ రెండు దారులూ పట్టారు. 2009 జూన్‌లోనే కేంద్రానికి ఫిర్యాదు చేశారు. 2010 ఉపఎన్నిక మీద వచ్చిన వ్యాజ్యాన్ని విని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2013 ఆగస్టులో ఆ ఎన్నికను రద్దు చేసింది. ఎన్నికల వ్యాజ్యాన్ని ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 86వ సెక్షన్ చెబుతున్నా, ఇక్కడ మూడేళ్లు గడిచాయి. తీర్పు వచ్చాక సుప్రీంకోర్టు నుంచి స్టే వచ్చింది. ఆ స్టేతోనే ఆయన ఆ పదవీకాలం పూర్తి చేసుకుని, 2014 ఎన్నికల్లో పోటీ చేసి మళ్లీ గెలిచారు.

2016 ఆగస్టులో సుప్రీంకోర్టు, పౌరసత్వం సంగతి మూడు నెలల్లో తేల్చమని హోం శాఖను ఆదేశించింది. హోం శాఖ ఉత్తర్వు 2017 ఆగస్టు 31న వెలువడింది. మూడు నెలల పని ఏడాది పట్టింది. పునఃపరిశీలన కోరుతూ ఆయన వేసిన దరఖాస్తును ఆ డిసెంబర్‌లో శాఖ తిరస్కరించగా, హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. ఆ స్థితిలోనే 2018 డిసెంబర్ 7న పోలింగ్ జరిగి, ఆయన నాలుగోసారి శాసనసభకు వెళ్లారు.

2019 జులైలో హైకోర్టు హోం శాఖ ఉత్తర్వులను పక్కన పెట్టింది. దీన్ని ఆయనకు దక్కిన విజయంగా చాలామంది అనుకున్నారు, నిజానికి అది పూర్తి విజయం కాదు. పౌరసత్వం రద్దు చేయాలంటే మోసపూరితంగా పొందారని తేలితే చాలదు, ఆ వ్యక్తి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి అనుకూలం కాదని కూడా ప్రభుత్వం సంతృప్తి చెందాలని 10వ సెక్షన్ అంటుంది. ఆ కోణాన్ని పరిశీలించి మళ్లీ నిర్ణయం తీసుకోవాలని కోర్టు చెప్పింది. హోం శాఖ 2019 నవంబర్ 20న మళ్లీ రద్దు ఉత్తర్వే ఇచ్చింది. ఏడాది నివాసం లేదన్న సంగతి ముందే చెప్పి ఉంటే అధికారులు పౌరసత్వం ఇచ్చేవారే కాదని, శాసనాలు చేసే స్థానంలో ఉన్న వ్యక్తి వాస్తవాన్ని దాచడం చిన్న విషయం కాదని అందులో పేర్కొంది. రెండు రోజుల్లో హైకోర్టు నుంచి మళ్లీ స్టే వచ్చింది. ఆ స్టే నీడలో మరో నాలుగేళ్లు గడిచి, 2023లో శాసనసభ కాలమే ముగిసింది.

చివరికి జస్టిస్ బి. విజయసేన్ రెడ్డి 2024 డిసెంబర్ 9న ఆ రిట్‌ను కొట్టివేశారు. జర్మన్ పౌరసత్వం వదులుకున్నట్లు ఆ దేశ రాయబార కార్యాలయం నుంచి ఒక్క పత్రమైనా రమేశ్ చూపలేకపోయారని తీర్పు స్పష్టంగా చెప్పింది. భారత పౌరసత్వం పొందిన తర్వాత కూడా ఆయన జర్మన్ పాస్‌పోర్టు మీద ప్రయాణాలు చేసిన సంగతి విచారణలో ప్రస్తావనకు వచ్చింది. విధించిన 30 లక్షలలో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, మిగిలిన 5 లక్షలు న్యాయసేవల సంస్థకు నెలలోగా చెల్లించాలని ఆదేశించింది. ఇలాంటి వ్యాజ్యంలో ఇంత పెద్ద మొత్తం విధించడం అరుదు. కోర్టును పదిహేనేళ్ల పాటు తప్పుదారి పట్టించారన్న ఆగ్రహం ఆ అంకెలోనే కనిపిస్తుంది.

ఇందులో ఏ ఒక్క న్యాయమూర్తినో ఏ ఒక్క అధికారినో తప్పుపట్టలేం. స్టే ఇవ్వడానికి ప్రతిసారీ ఒక కారణం ఉంది. పౌరసత్వం లాంటి కీలకమైన హక్కు మీద తొందరపడి వేటు వేయకూడదన్న జాగ్రత్త కూడా సరైనదే. కానీ స్టే ఇచ్చిన ప్రతిసారీ, ఆ మధ్యకాలంలో ప్రజలకు ప్రాతినిధ్యం వహించే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు గడువు పెట్టి ఉండవలసింది. శాసనసభ పదవీకాలం ఐదేళ్లు. దాన్ని మించి సాగే విచారణ ఎంత న్యాయంగా ముగిసినా, వేములవాడ ఓటరుకు అది సమయానికి అందని న్యాయమే.

ప్రశ్న: ఓడిపోయిన ప్రత్యర్థి పట్టుబట్టి నడిపిన కేసు ఇది. దీన్ని రాజకీయ కక్షగా ఎందుకు చూడకూడదు? ప్రజా తీర్పు కంటే కాగితాలు గొప్పవా? (వేములవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆది శ్రీనివాస్‌కు ఇందులో స్వప్రయోజనం ఉన్న మాట నిజం. ఆయన 2009 నుంచి 2018 వరకు నాలుగు ఎన్నికల్లో రమేశ్ చేతిలో ఓడిపోయారు, మధ్యలో 2014లో భారతీయ జనతా పార్టీ తరఫున పోటీ చేశారు, చివరికి 2023లో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచి ప్రభుత్వ విప్ అయ్యారు. అయితే ఎన్నికల వ్యాజ్యం వేసే హక్కును చట్టం ఇచ్చిందే అభ్యర్థులకూ ఓటర్లకూ. ఓడినవాడు అడిగాడన్న కారణంతో ప్రశ్న తప్పుడు ప్రశ్న అయిపోదు, దేశంలోకి వచ్చిన, దేశం విడిచి వెళ్లిన తేదీలు ఎవరు చూపించినా అవే తేదీలు.

కేంద్రంలోని అధికార పక్షం పగబట్టిందన్న వాదన కూడా నిలిచేలా లేదు. పౌరసత్వం ఇచ్చినదీ, ఫిర్యాదు అందుకున్నదీ ఐక్య ప్రగతిశీల కూటమి ప్రభుత్వ కాలంలో. రద్దు ఉత్తర్వులు వెలువడినది జాతీయ ప్రజాస్వామ్య కూటమి కాలంలో, అందులో మొదటిది రమేశ్ బాబాయి మహారాష్ట్ర గవర్నర్‌గా ఉన్న 2017 ఆగస్టులో.

రమేశ్ వైపు వాదనలో బలం లేదని కూడా అనలేం. ఆయన మీద దేశద్రోహం, ఉగ్రవాదం, గూఢచర్యం లాంటి ఆరోపణ ఏదీ లేదు. తెలంగాణ పల్లె నుంచి వెళ్లి, విదేశంలో చదువు చెప్పి, తిరిగి వచ్చి సొంత ప్రాంతానికి సేవ చేస్తానన్న వ్యక్తిని బయటివాడిగా చూడటం మనసుకు కష్టంగా ఉంటుంది. ప్రజాహితం అనే మాటకు అంత విశాలమైన అర్థం ఇవ్వవచ్చా అన్న చర్చకు చోటుంది. కానీ పోటీ చేసేవారు భారత పౌరులై ఉండాలని 173వ అధికరణం మొదటి మాటలోనే చెబుతుంది. ఆ ఒక్క షరతునూ పట్టించుకోకపోతే, అదే ఎన్నికల్లో నిబంధనలన్నీ పాటించి పోటీ చేసినవారికి మనం చెప్పగల సమాధానం ఏమీ ఉండదు.

పార్టీల బాధ్యత గురించి కూడా ఒక మాట అవసరం. 2013లో ఎన్నిక రద్దయ్యాక కూడా 2014లో, హోం శాఖ ఉత్తర్వు వచ్చాక కూడా 2018లో ఆయనకే టికెట్ ఇచ్చారు. 2023లో భారత రాష్ట్ర సమితి వేములవాడ టికెట్‌ను చల్మెడ లక్ష్మీనరసింహారావుకు ఇచ్చి, రమేశ్‌ను వ్యవసాయ వ్యవహారాల్లో ప్రభుత్వ సలహాదారుగా నియమించింది. ఆ నిర్ణయం తొమ్మిదేళ్లు ముందే తీసుకుని ఉంటే నియోజకవర్గానికి ఈ అనిశ్చితి తప్పేది. పైగా ఆయనకున్న వ్యవసాయ పరిజ్ఞానాన్ని వాడుకోవడానికి శాసనసభ్యత్వమే అవసరం లేదని ఆ నియామకమే చూపించింది.

ప్రశ్న: ఆయన సభలో వేసిన ఓట్లు, పాల్గొన్న తీర్మానాలు ఇప్పుడు చెల్లకుండా పోతాయా? తీసుకున్న జీతభత్యాలు తిరిగి కట్టాలా? (ఖమ్మం నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: చెల్లకుండా పోవు. సభలో కూర్చోవడానికి అర్హత లేని వ్యక్తి పాల్గొన్నట్లు తర్వాత తేలినా సభ జరిపిన కార్యకలాపాలు చెల్లుబాటవుతాయని 189వ అధికరణం చెబుతుంది. ఇక డబ్బు సంగతి: అర్హత లేదని తెలిసి కూడా సభలో కూర్చున్నవారికి రోజుకు 500 రూపాయల జరిమానా విధించవచ్చని 193వ అధికరణంలో ఉంది. చేతిలో ధ్రువపత్రం, దాని రద్దు మీద కోర్టు స్టే ఉన్నంతకాలం అర్హత లేదని ఆయనకు తెలుసునని రుజువు చేయడం తేలిక కాదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాటి నుంచి ఆ 500 రూపాయల అంకె మారలేదు. దాన్ని సవరించవలసిన అవసరం ఎప్పుడో వచ్చింది.

ప్రశ్న: నేను అమెరికా పౌరసత్వం తీసుకున్నాను, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది. జగిత్యాల దగ్గర మా ఊరికి తిరిగి వచ్చి సర్పంచ్‌గా పోటీ చేయాలని ఉంది. సాధ్యమేనా? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఓసీఐ కార్డుతో సాధ్యం కాదు. ఆ కార్డు జీవితకాల వీసా సౌకర్యం ఇస్తుందే తప్ప పౌరసత్వం ఇవ్వదు. ఓటరుగా నమోదు కావడానికి, చట్టసభలకు పోటీ చేయడానికి అది పనికిరాదని పౌరసత్వ చట్టంలోనే ఉంది. పంచాయతీకైనా ముందు ఓటరు జాబితాలో పేరుండాలి, పౌరులు కానివారి పేరు అందులో చేర్చరు. భారత పాస్‌పోర్టుతోనే విదేశాల్లో ఉంటున్నవారి సంగతి వేరు. 2010 సవరణ తర్వాత వారు పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం సొంత నియోజకవర్గంలో ఓటరుగా చేరవచ్చు, పోలింగ్ రోజున స్వయంగా వచ్చి ఓటు వేయవచ్చు.

మీకున్న దారి పౌరసత్వాన్ని తిరిగి పొందడమే. ఓసీఐ కార్డు తీసుకుని ఐదేళ్లు నిండినవారు, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించి ఉంటే 5వ సెక్షన్ కింద నమోదు కోరవచ్చు. రాకపోకల తేదీలన్నీ పాస్‌పోర్టు ముద్రలతో సరిచూసుకుని, మధ్యలో వెళ్లి వచ్చిన ప్రతి ప్రయాణాన్నీ దరఖాస్తులో దాచకుండా రాయండి. రోజులు తక్కువైతే ఆ ఏడాది నిండేదాకా ఆగండి. అమెరికా పౌరసత్వాన్ని వదులుకున్నట్లు ఆ దేశం ఇచ్చే పత్రాన్ని తీసుకుని భద్రంగా ఉంచుకోండి. వేములవాడ కేసులో పదిహేనేళ్ల తర్వాత కూడా కోర్టు ముందుకు రాని పత్రం అలాంటిదే.